కాన్పుతో మళ్ళీ జారిన పొట్ట: రెండవ శస్త్రచికిత్స ఎవరికి, ఎప్పుడు?

ప్రసవానంతరం పొట్ట వదులు కావడం వ్యాధి కాదు, ప్రకృతి ధర్మం. తొమ్మిది మాసాలు సాగిన చర్మమూ కండరాలూ తొమ్మిది రోజులలో యథాస్థితికి రావు. అయితే ఈ వదులును సరిచేయడానికి ఒకసారి శస్త్రచికిత్స చేయించుకొన్న తరువాత మరల గర్భం ధరించి, పొట్ట తిరిగి జారిన స్త్రీల పరిస్థితి వేరు. ఖర్చయిన ధనం, భరించిన నొప్పి వృథా అయినవని వారు కుంగిపోతారు. అమరావతిలో నా వద్దకు వచ్చే గృహిణులలో కొందరు, “మళ్ళీ ఆపరేషన్ చేయించుకోమంటారా, లేక ఏదైనా తైలంతో తగ్గుతుందా?” అని అడుగుతుంటారు. ఈ రెండింటికీ నా సమాధానం ఒక్కటే. లోపం ఎక్కడ ఉన్నదో ముందుగా తెలుసుకొనవలెను.

మొదటి శస్త్రచికిత్సలో జరిగేదేమి?

టమ్మీ టక్ అని పిలిచే ఈ చికిత్స కొత్తది కాదు. 1899లోనే అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో హోవార్డ్ కెల్లీ అను వైద్యుడు వ్రేలాడే ఉదరభాగాన్ని తొలగించాడు. నేటి పద్ధతిలో పొత్తికడుపు దిగువన అడ్డముగా కోసి, చర్మాన్ని పైకి లేపి, నడుమ ఎడమైన రెండు నిలువు కండరాలను కుట్లతో దగ్గరకు చేరుస్తారు. మిగులు చర్మాన్ని తీసివేసి, బొడ్డును కొత్త స్థానంలో అమరుస్తారు.

తరువాత గర్భం వచ్చినచో సాధారణంగా శిశువుకు హాని లేదు. కాని పెరిగే గర్భాశయం కండరాలను మరల విడదీయవచ్చు, కుట్లు సడలవచ్చు, చర్మం సాగవచ్చు. సంతానం ఇక చాలుననుకొన్న తరువాతనే ఈ చికిత్స చేయించుకొనుమని వైద్యులు చెప్పడానికి కారణమిదే.

నాలుగు లోపాలు

జారిన పొట్టలో కొవ్వు, చర్మం, కండరం, మచ్చ అను నాలుగింటిలో ఏది ప్రధానమో గుర్తించవలెను.

1. చర్మం కింది కొవ్వు వేళ్ళ మధ్య చిక్కుతుంది. ప్రేగుల చుట్టూ పేరుకొన్న కొవ్వు చిక్కదు. దానిని ఈ శస్త్రచికిత్స తొలగించలేదు. ఆహార నియమమే దానికి మందు.

2. మిగులు చర్మం ముడతలు పడి వ్రేలాడుతుంది. ఏ తైలమూ దానిని పూర్తిగా బిగించలేదు.

3. కండరాల ఎడమును ఇంటిలోనే గమనించవచ్చు. వెల్లకిల పడుకొని, మోకాళ్ళు మడచి, తలను కొద్దిగా పైకెత్తవలెను. బొడ్డుకు పైన నడుమ రెండు వేళ్ళకు మించి సందు తగిలినా, అక్కడ గట్టులా ఉబ్బినా, కండరాలు విడిపోయినట్లే.

4. మచ్చ దళసరి కావడం, అంచులలో చర్మం గుబ్బలా మిగలడం, బొడ్డు పక్కకు జరగడం మొదటి చికిత్సకు సంబంధించిన లోపాలు.

సత్తెనపల్లి వైపు నుండి వచ్చిన ఒక సోదరి ఉదాహరణ చెప్పెదను. ఇద్దరు పిల్లల తరువాత పొట్ట బిగించుకొన్నది. అనుకోకుండా మూడవ కాన్పు వచ్చినది. బిడ్డకు ఐదు నెలలైనా నిండక ముందే, గాజులు కుదువపెట్టి రెండవ శస్త్రచికిత్సకు సిద్ధమైనది. దగ్గినప్పుడు ఆమె బొడ్డు వద్ద మెత్తని ఉబ్బు లేచుచుండెను. అది కొవ్వు కాదు, హెర్నియా. స్కానింగ్‌లో నిర్ధారణ అయిన పిదప, తొందర లేదని శస్త్రవైద్యులు చెప్పగా, పాలు మాన్పించి సంవత్సరం గడచిన తరువాత హెర్నియానూ కండరాలనూ ఒకేసారి సరిచేయించుకొన్నది. తొందరపడి కేవలం చర్మాన్ని కోయించుకొని ఉంటే మూడవసారి బల్ల ఎక్కవలసి వచ్చేది.

ఆయుర్వేదం ఏమన్నది?

చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, ప్రసవించిన స్త్రీ ఉదరానికి స్నేహం పట్టించి, శుభ్రమైన పెద్ద వస్త్రంతో చుట్టవలెనని ఉన్నది. ఖాళీ అయిన ఉదరంలో వాతం వికారం చేయకుండుటకు ఇది విధించబడినది. మన అమ్మమ్మలు కట్టే నడికట్టు ఇదే. ఏడవ మాసంలో చర్మంపై వచ్చే చారలను ‘కిక్కిసం’ అని అదే అధ్యాయం పేర్కొన్నది. దురద పుట్టినా గోకరాదని చెప్పినది.

నడికట్టు ఊతమిస్తుంది గాని విడిపోయిన కండరాన్ని కుట్టలేదు. ఊపిరి ఆడనంత బిగువుగా కట్టినచో గర్భాశయంపై ఒత్తిడి పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్‌వే. అట్టివారు వైద్యుని అనుమతితోనే కట్టుకొనవలెను.

ఇంటిలో పాటించవలసినవి

* గాయం పూర్తిగా మానిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనెతో పొట్టను మృదువుగా మర్దన చేయవచ్చు. పచ్చి గాయంపై నూనె తగలరాదు.

* మలబద్ధకం ఉన్నచో ముక్కుట వలన కండరాలపై ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి నానబెట్టిన 15 కిస్‌మిస్ పండ్లు ఉదయం తినవలెను. మధుమేహం ఉన్నవారు వీటిని మాని, ఆకుకూరలు, పీచు ఎక్కువగా తీసుకొనవలెను.

* కడుపుబ్బరానికి లీటరు నీటిలో ఒక చెంచా వాము మరిగించి, వడపోసి, కొద్దికొద్దిగా త్రాగవచ్చు.

* గాయం మానుటకు మాంసకృత్తులు అవసరం. పెసరపప్పు, ఉలవలు, పాలు, మునగాకు తీసుకొనవలెను. అలవాటున్నవారు గుడ్డు తినవచ్చు.

* కాన్పయిన 6 వారాల తరువాత, వైద్యుని అనుమతితో, వెల్లకిల పడుకొని శ్వాస వదలుచు బొడ్డును వెన్ను వైపునకు లాగి 5 లెక్కించవలెను. ఉదయం, సాయంత్రం 10 సార్లు చేయవలెను. సందు తగ్గేవరకు నౌకాసనం, పడుకొని లేచే కసరత్తులు చేయరాదు.

మళ్ళీ శస్త్రచికిత్స ఎప్పుడు?

సంతానం ముగిసినదని దంపతులు నిశ్చయించుకొనవలెను. కాన్పయి కనీసం 6 మాసాలు గడచి, పాలు మాన్పించి, బరువు కొన్ని మాసాలుగా నిలకడగా ఉండవలెను. మచ్చను సరిచేయుటకు అది పక్వమగుటకై సుమారు ఒక సంవత్సరం ఆగుట మేలు. రక్తహీనత, మధుమేహం ఉన్నచో ముందు వాటిని అదుపులోనికి తేవలెను.

మొదటి చికిత్సలో చర్మానికి రక్తం అందించే దారులు కొన్ని తెగి ఉంటాయి. అందుచేత రెండవసారి చర్మం కుళ్ళే ప్రమాదం గురించి శస్త్రవైద్యుడు జాగ్రత్త వహించవలెను. పాత ఆపరేషన్ కాగితాలు తప్పక చూపించవలెను. కొందరికి మచ్చ ఒక్కటి సరిచేసిన చాలును. కొందరికి కండరాలు మరల కుట్టవలసి వచ్చును. “నాలో ఉన్న లోపమేది? దానికి మీరు చేసేదేమి?” అని ప్లాస్టిక్ సర్జన్‌ను సూటిగా అడుగుడు.

మనం వాడే మందుల విషయం దాచరాదు. వెల్లుల్లి, అల్లం, పసుపు సారాల గుళికలు, గుగ్గులు, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచవచ్చు. వీటిని శస్త్రచికిత్సకు ఎన్ని రోజుల ముందు మానవలెనో వైద్యుని అడిగి తెలుసుకొనవలెను. వైద్యుడు ఇచ్చిన మందులను స్వంతంగా మానరాదు. గర్భనిరోధక మాత్రలు వాడుచున్నచో ఆ సంగతీ చెప్పవలెను.

ఆపరేషన్ అయిన 6 వారాల వరకు నిండు బిందె ఎత్తరాదు. చంటిబిడ్డను ఎత్తడానికి కూడా ఎవరైనా తోడు ఉండవలెను. మన ప్రాంతం వారు గుంటూరు, విజయవాడలకు పలుమార్లు పరీక్షకు వెళ్ళవలసి ఉంటుంది గనుక ప్రయాణపు ఏర్పాటు ముందే చేసుకొనవలెను. ఎల్లప్పుడు మంచంపైనే ఉండక నెమ్మదిగా నడువవలెను. ఒక కాలికి వాపు, నొప్పి, ఆయాసం, జ్వరం, గాయం నుండి చీము కనిపించినచో ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళుడు. అందచందాల చికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. హెర్నియా ఉన్నచో ఆ భాగం ఖర్చు గురించి ముందుగా విచారించుడు.

సోదరీమణులారా! పొట్ట జారినంత మాత్రాన మీ విలువ తగ్గదు. బాధ ఉన్నచో చికిత్స కోరడం సిగ్గుపడవలసిన విషయమూ కాదు. కాని పత్యం, విశ్రాంతి, తగిన వ్యవధి, సరైన నిర్ధారణ అను నాలుగూ కుదిరిన తరువాతనే రెండవసారి కత్తికి ఒప్పుకొనుడు.