మగ్గాల మోత ఎంత? ఫోన్‌తో కొలుద్దాం

షోలాపూర్‌లో మనవాళ్లు చాలామంది పవర్‌లూమ్ కార్ఖానాల్లో పనిచేస్తారు. ఇంటికొచ్చాక బాపు టీవీ సౌండ్ పెంచమంటున్నాడా? చెవులు దెబ్బతింటున్నాయేమో చూసుకోవాలి.

మోతను ఫోన్‌తో కొలవొచ్చు. ఐఫోన్ ఉంటే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ తయారుచేసిన సౌండ్ లెవెల్ మీటర్ యాప్ ఉచితం. పనిచేసే చోట ఫోన్‌ను చెవి ఎత్తులో, మైకు మూయకుండా పట్టుకొని కొన్ని నిమిషాల సగటు చూడాలి. ఇది పెద్దవాళ్ల పని. పిల్లలు మగ్గాల దగ్గరికి పోవద్దు.

నియోష్ లెక్కన 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలే ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది: 88లో 4 గంటలు, 91లో 2 గంటలు.

ఫోన్ చెప్పేది అందాజు మాత్రమే. అయినా 85 దాటితే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోమనండి, చెవుల పరీక్ష చేయించండి. మోతకు పోయిన వినికిడి మళ్లీ రాదు.