తలశ్శేరి ఇరచ్చి పత్తిరి: మంచిదానిని గుర్తించడం ఎలా?

మాంసాన్ని మసాలాతో వండి, పిండి పొరలో మూసి, నూనెలో వేయించే వంటకం ముస్లిం గృహాలకు కొత్తది కాదు. 10వ శతాబ్దంలో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ బాగ్దాదులో సంకలనం చేసిన వంటల గ్రంథంలో అది ‘సంబూసజ్’ అనే పేరుతో కానవస్తుంది. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా, ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ విందులో వడ్డించిన ‘సముసక్’ గురించి వ్రాశాడు. మాంసపు కైమాను బాదం, పిస్తా, ఉల్లి, మసాలాలతో వండి పలుచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించేవారని ఆయన వర్ణన. మన హైదరాబాదు లుఖ్మీ ఆ కోవలోనిదే. కేరళ ఉత్తర తీరంలోని తలశ్శేరి పట్టణానికి పేరు తెచ్చిన ఇరచ్చి పత్తిరి కూడా ఆ కోవలోనిదే.

తలశ్శేరి కన్నూరు జిల్లాలో, కన్నూరు నగరానికి దక్షిణంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్నది. మిరియాలు, యాలకుల వ్యాపారమే ఈ రేవును పెంచింది. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1708లో ఇక్కడ కోట కట్టుకొన్నది కూడా ఆ వ్యాపారం కొరకే. పట్టణంలోని ఓడత్తిల్ మసీదు, దానిని నిర్మించిన కేయీ వర్తక కుటుంబపు సంపన్నతకు నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉన్నది. విహారానికో, చదువుకో, వైద్యానికో ఆ ప్రాంతానికి వెళ్ళే తెలుగు కుటుంబాలు తలశ్శేరి బిర్యానీ రుచి చూచి తిరిగి వస్తాయి. ఇరచ్చి పత్తిరిని మాత్రం ఏదో ఒక గాజు బీరువాలో చల్లారినది కొని, ‘ఇంతేనా’ అనుకొని మరచిపోతాయి. అలా జరగకుండా ఉండాలంటే ఆ వంటకం ఎలా తయారవుతుందో ముందు తెలియాలి.

మలయాళంలో ‘ఇరచ్చి’ అంటే మాంసం. ‘పత్తిరి’ అంటే మలబారు వాడుకలో సాధారణంగా బియ్యపు పిండి రొట్టె. ఇరచ్చి పత్తిరికి మాత్రం మైదా గాని, గోధుమ పిండి గాని వాడతారు. మాంసాన్ని పసుపు, మిరియాలు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి పీచులుగా విడదీస్తారు. సన్నగా తరిగిన ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు నూనెలో మగ్గనిచ్చి, గరం మసాలా, కొత్తిమీర చేర్చి, మాంసం కలిపి తడి ఆరే వరకు వేయిస్తారు. చిన్న పూరీలవలె ఒత్తిన రెండు పొరల నడుమ ఈ కూరను పరచి, అంచులను అదిమి, మన కజ్జికాయ అంచువలె మెలికలు తిప్పి మూస్తారు. నూనెలో వేయించిన తరువాత కొన్ని ఇళ్లలో, కొద్దిగా చక్కెర, యాలకుల పొడి కలిపిన గుడ్ల సొనలో ముంచి మరొకసారి నేతిలో కాలుస్తారు. కారపు మాంసం మీద ఆ సన్నని తీపి మొదట వింతగా తోస్తుంది. రెండవ ముక్కకు అలవాటవుతుంది.

ఇక మంచిదానిని గుర్తించడం. మొదట అంచు చూడండి. మెలికలు దగ్గర దగ్గరగా, ఒకే తీరుగా ఉన్నట్లయితే అది అలవాటు పడిన చేతిపని. అంచు ఎక్కడ విచ్చుకొన్నా నూనె లోపలికి చేరి కూర జిడ్డుబారుతుంది. రెండవది, త్రుంచి చూడండి. మాంసపు పీచులు కంటికి కనిపించాలి. ఉల్లిపాయ మాంసాన్ని మింగివేసినా, బంగాళాదుంపతో కడుపు నింపినా అది ఖర్చు తగ్గించుకొనే ఉపాయమే. మూడవది, వేళ. అస్ర్ నమాజు తరువాత, మగ్రిబ్‌కు ముందు వేయించినవి దొరికితే అదృష్టం. ఉదయం వేయించిన దానిని మరల నూనెలో వేస్తే పొర తోలువలె సాగుతుంది. “ఎప్పుడు వేయించారు?” అని అడగడంలో తప్పు లేదు. నాలుగవది, మాంసం. పెద్ద మాంసం, మేక, కోడి — మూడింటితోనూ చేస్తారు. ఏ మాంసమో, హలాల్ అవునో కాదో మొహమాటం లేకుండా విచారించి తెలుసుకోవడం తినేవాని బాధ్యత. నిజాయితీగల దుకాణదారుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

అయితే ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటున్నది. తలశ్శేరిలో మంచి పత్తిరి పుట్టేది బజారులో కాదు, ఇంట్లో. నా మదరసా విద్యార్థి దశలో మలబారు సహాధ్యాయులు సెలవుల తరువాత తిరిగి వచ్చేటప్పుడు ఇంటి తినుబండారాల డబ్బాలు తెచ్చేవారు. ఏ డబ్బా ఎవరి ఇంటిదో మూత తీయగానే వారు చెప్పగలిగేవారు. ఇంటింటికీ ఒక అంచు, ఒక మసాలా పాళ్లు. దీనికి కారణం ఆ ప్రాంతపు కుటుంబ వ్యవస్థలో ఉన్నది. తలశ్శేరి, కన్నూరు ప్రాంతాల పాత మాప్పిళ కుటుంబాలలో పెళ్ళయిన కూతురు పుట్టింటనే ఉండేది. అల్లుడే అత్తవారింటికి వచ్చేవాడు. ‘పుతియాప్పిళ’ అని పిలిచే ఆ కొత్త అల్లునికి రోజుల తరబడి రకరకాల వంటకాలతో మర్యాద చేయడం ఆచారం. చట్టిలో పొరలు పొరలుగా పేర్చి వండే చట్టి పత్తిరి కూడా అటువంటి పళ్ళెంలో ఉండేదే. అమ్మమ్మ, తల్లి, కూతురు ఒకే వంటగదిలో పనిచేసినందువల్ల వ్రాతతో పని లేకుండానే విద్య చేతి నుండి చేతికి అందింది.

నేడు పెద్ద ఇళ్లు విడిపోయాయి. ఉద్యోగాల కొరకు కుటుంబాలు గల్ఫ్ దేశాలకు, నగరాలకు తరలాయి. అయినా ఆ విద్య నిలిచి ఉన్నదంటే, ఇంటి నుండే వంటకాలు చేసి ఆర్డరు మీద ఇచ్చే స్త్రీల వలన ఎంతో మేలు జరిగింది. బేకరీలకు, రంజాన్ సాయంత్రాల ఇఫ్తార్ బల్లలకు చేరే సరుకులో చాలా భాగం వారి చేతులదే. కనుక తలశ్శేరి వెళ్ళినవారు బస చేసిన చోట, మసీదు సమీపంలోని దుకాణాల వద్ద “ఇంటి పత్తిరి ఎవరు చేసి ఇస్తారు?” అని విచారించి, ఒకరోజు ముందుగా చెప్పి చేయించుకోవడం ఉత్తమం. ధర కొంత ఎక్కువని తోచవచ్చు. మాంసం ఉడికించి, పీచు తీసి, ఒక్కొక్క అంచునూ చేతితో తిప్పడానికి ఎన్ని గంటలు పడుతుందో మన ఇళ్లలోని స్త్రీలను అడిగితే తెలుస్తుంది. అడ్డదిడ్డంగా బేరమాడి ఆ శ్రమ విలువను తగ్గించడం, కూలివానికి చెమట ఆరకముందే కూలి చెల్లించమని బోధింపబడిన సముదాయానికి తగదు.

మన సంగతి కూడా ఆలోచించవలసి ఉన్నది. చతురస్రంగా, పలుచగా, కైమాతో నిండిన లుఖ్మీ ఒకప్పుడు హైదరాబాదు పెళ్ళి విందులో తొలి పలకరింపు. దాని పేరే ముద్ద అనే అర్థమిచ్చే ‘లుఖ్మా’ అన్న అరబ్బీ మాట నుండి వచ్చినది. నేడు పెళ్ళి పళ్ళెంలో దాని స్థానాన్ని తరచుగా ఇతర వేపుళ్ళు ఆక్రమిస్తున్నాయి. ఇళ్లలోనో, తయారు పొరలు కొని చుట్టివేసే అలవాటు పెరిగింది. పిండి ఎంత గట్టిగా కలపాలి, కైమాలో తడి ఎంతవరకు ఇగరాలి అన్నవి ఇప్పుడు నానీలకు, దాదీలకు మాత్రమే తెలిసిన సంగతులుగా మిగిలాయి. వారు వెళ్ళిన తరువాత ఎవరిని అడుగుతాము?

రానున్న రంజాన్‌కు ముందే ఒక సాయంత్రం ఆ పెద్దల ప్రక్కన మనుమలను, మనుమరాండ్రను కూర్చోబెట్టండి. మగపిల్లలను మినహాయించకండి. వారు మూసిన మొదటి పదింటిలో సగం నూనెలో విచ్చుకొంటాయి. వాటిని కూడా పళ్ళెంలో పెట్టి అందరూ తినండి. మరుసటి వారం మరల కూర్చోబెట్టండి.