మహేంద్రగిరి దారిలో శీతకాలం
మందసకు వాయవ్యంగా, ఒడిశా సరిహద్దుకు ఆవల, 1501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి నిలిచి ఉంది. పరశురాముడు తపస్సు చేసిన చోటని పురాణప్రసిద్ధి. కుంతి, ధర్మరాజు, భీముల పేర్లతో ప్రాచీన ఆలయాలు కొండపై ఉన్నాయి.

2020 శీతకాలంలో, కరోనా భయం వీడని రోజులలో, లోకమంతటా జనులు ఇటువంటి ఆరుబయళ్లను వెదుక్కొన్నారు. అందుకు కారణం లేకపోలేదు. మూసిన గదిలో రోగి శ్వాసతో వెలువడే సూక్ష్మ తుంపరలు గాలిలో చాలాసేపు నిలుస్తాయి. కొండగాలికి అవి త్వరగా చెదరిపోతాయి. ఎడంగా నడిచేవారికి ముప్పు తక్కువ. అయితే కిక్కిరిసిన జీపులో కొండ చేరితే ఈ మేలంతా దారిలోనే పోతుంది!

మందస చుట్టుపట్ల ఉద్దానం పల్లెలలో ఈ జాగ్రత్త మరీ అవసరమైంది. అక్కడ అనేక ఇండ్లలో మూత్రపిండాల వ్యాధిగ్రస్తులున్నారు; వారికి కరోనా సోకితే ప్రాణాపాయం హెచ్చు. కొండ దిగినవారు తిరిగి చేరవలసింది ఆ ఇండ్లకే.