మీనవిషము – కణత్వచము

గంజాం మండలమున గోపాలపురము, సోనాపురము మున్నగు తీరగ్రామములలో తెలుగు మాటలాడు బెస్తవారు తరతరములుగా వసించుచున్నారు. 1936లో ఆ మండలము ఒరిస్సా రాష్ట్రమున చేరినను వారి భాషయు, వృత్తియు నిలిచియే యున్నవి. వలలో జెల్ల గాని టేకు గాని పడినచో వారు జాగ్రత్త వహింతురు. జెల్లకు వీపున నొకటి, ఱొమ్మురెక్కల రెండు ముండ్లుండును. టేకు ముల్లు తోకమీదిది, రంపమువంటి అంచులు గలది. పామునకు వలె కోరలు లేవు. ముల్లును కప్పియుండు పలుచని చర్మము గుచ్చుకొనునపుడు చినిగి, అందలి విషము గాయమున కలియును. గాయము గోరంత, బాధ కొండంత.

ఈ విషములు ముఖ్యముగా మాంసకృత్తులు. వాని ప్రధాన లక్ష్యములలో కణత్వచ మొకటి. రెండు వరుసల క్రొవ్వుఅణువులతో నేర్పడిన ఈ పొర లోపలి పొటాసియమును లోపలనే, వెలుపలి సోడియమును వెలుపలనే యుంచుటకు తోడ్పడును. ఈ కట్టడి తప్పినచో కణము బ్రతుకదు.

ఈ విషయమున మిక్కిలి పరిశోధింపబడినది హిందూ, పసిఫిక్ సముద్రముల శిలలనడుమ రాతివలె పడియుండు రాతిచేప. దాని విషమందలి స్టోనస్టాక్సిన్ రెండు భాగముల జంట. ఇట్టి జంట లనేకములు త్వచముపై వలయముగా కూడి రంధ్రము చేయును. ఆ దారిని లవణములు తారుమారగును. నీరు లోనికి చొచ్చి ఎఱ్ఱకణము ఉబ్బి పగులును. 2015లో ప్రకటితమైన దాని నిర్మాణమును పరిశీలింపగా, మన రక్షకకణములు రోగగ్రస్త కణములను చంపుటకు వాడు పెర్ఫోరిన్‌తో దానికి చుట్టరికము కలదని తేలినది. శత్రువు చేతను, కావలివాని చేతను ఒకేతీరు ఆయుధ మున్నదన్నమాట! జెల్ల, టేకుల విషములు అచ్చముగా నిట్లే పనిచేయునని మాత్రము తలంపరాదు. ఒక్కొక్క జాతి విషము వేరువేరు పదార్థముల మిశ్రమము.

ఈ మాంసకృత్తులు పెక్కు వేడికి రూపు చెడును. గ్రుడ్డు ఉడికిన పిమ్మట మరల ద్రవము కానట్లే, రూపు చెడిన విషము త్వచమును పట్టజాలదు. అందుచేతనే కుట్టిన చేతిని సుమారు 45 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో అరగంట మొదలు గంటన్నర వరకు ఉంచవలెనని వైద్యులు చెప్పుదురు. వేడిమి లోతునకు పోదు గనుక, ఉపశమనమునకు నాడులపై దాని ప్రభావము కూడ కారణమై యుండవచ్చును. నీటి వేడిని గాయపడని చేతితోనే చూడవలెను. బాధలోని చేయి కాలుటను ఎఱుగదు. ఇదివరకే పగిలిన కణములను వేడినీరు బాగుచేయజాలదు కావున ఆలస్యము తగదు. ముల్లు విఱిగి లోన నిలిచినను, ఱొమ్మున గాని పొట్టలో గాని గుచ్చుకొన్నను వేడినీటితో కాలము గడపక, 1962లో బరంపురమున స్థాపితమైన వైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోటికి వెంటనే చేర్పవలెను. ధనుర్వాతపు సూదిమందును మరువరాదు.