పరదేశములో కూలివాని జీతము

మన సంఘాలలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు తరచు వినబడే మాటలలో "వీసా" ఒకటి. "మా అబ్బాయి అమెరికా ప్రయాణం గురించి ప్రార్థించండి", "మా కోడలికి అక్కడ ఆసుపత్రి రికార్డుల పని దొరికింది, వీసా రావాలి" అని తల్లులు కన్నీటితో అడుగుతారు. సంఘమంతా మోకరిస్తుంది. వీసా వచ్చిన వారం కృతజ్ఞత కానుక అర్పిస్తారు. ఇదంతా మంచిదే. అయితే ఒక్క ప్రశ్న మాత్రం మనలో ఎవరూ అడగరు: "అక్కడ జీతం ఎంత? దానిని ఎవరు, ఏ లెక్కన నిర్ణయించారు?"

జీతం గురించి అడిగితే ధనాపేక్ష అనుకుంటారని కొందరి సంకోచం. పిలిచి ఉద్యోగమిచ్చిన వారిని అడగడం మర్యాద కాదని కొందరి అభిప్రాయం. కాని కూలివాని జీతము విషయములో పరిశుద్ధ గ్రంథం మౌనంగా లేదు. మోషే ధర్మశాస్త్రం, ప్రవక్తలు, అపొస్తలులు అందరూ దాని గురించి మాట్లాడారు. అమెరికా దేశపు చట్టము కూడా మాట్లాడుతుంది. ఆ చట్టంలో ఏమున్నదో తెలియక మన బిడ్డలు నష్టపోకూడదనే ఈ వ్యాసం. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పనిని ఉదాహరణగా తీసుకుందాం.

యాకోబు నేర్చుకొన్న పాఠం

యాకోబు పరదేశానికి వెళ్లి స్వంత మేనమామ దగ్గరే పనికి కుదిరాడు. లాబాను అతనిని కౌగిలించుకొని, ముద్దు పెట్టుకొని, తన ఎముక తన మాంసము అన్నంత ప్రేమగా ఇంట చేర్చుకొన్నాడు. తీరా ఇరవై సంవత్సరాలు గడిచాక యాకోబు చెప్పిన మాట ఏమిటి? తన జీతాన్ని మామ పదిమార్లు మార్చాడని (ఆదికాండము 31:7). దేవుడు యాకోబును విడువలేదు, నిజమే. కాని పరదేశం, బంధువు నోటి మాట, వ్రాత లేని ఒప్పందం, ఈ మూడూ కలిసినచోట కష్టపడేవానికి ఏమి జరుగుతుందో ఆ అధ్యాయం మనకు చూపిస్తుంది.

ఈనాడు మన పిల్లలను అమెరికాకు తీసుకువెళ్లేవారిలో చాలామంది మనవారే. మన భాష, మన జిల్లా, ఒక్కొక్కప్పుడు మన సంఘం. కాబట్టి లాబాను కథ మనకు దూరపు కథ కాదు.

ఏమిటీ పని?

వైద్యుడు రోగిని చూసిన తరువాత రోగ చరిత్ర, పరీక్షల ఫలితం, శస్త్రచికిత్స వివరం నోటితో చెప్పి రికార్డు చేస్తాడు. దానిని విని, తప్పు లేకుండా టైపు చేసి, రోగి ఫైలుకు చేర్చడమే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. మందు పేరులో ఒక అక్షరం, మోతాదులో ఒక చుక్క తప్పితే రోగి ప్రాణానికే ముప్పు. 1990ల చివర ఈ పని మన దేశానికి వచ్చింది. అమెరికాలో రాత్రి అయినప్పుడు మనకు పగలు గనుక, అక్కడి వైద్యుడు సాయంత్రం చెప్పినది మరునాడు ఉదయానికి టైపై సిద్ధంగా ఉండేది. హైదరాబాదులో శిక్షణా కేంద్రాలు వీధివీధినా వెలిశాయి. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న యువతీ యువకులు ఫీజులు కట్టి చేరారు. తరువాత మాటను తానే అక్షరాలుగా మార్చే కంప్యూటరు విధానాలు రావడంతో టైపు పని తగ్గి, తప్పులు దిద్దే పని పెరిగింది. అనేకులు మెడికల్ కోడింగ్ వైపు మళ్లారు. అయినా "అమెరికాలోనే ఈ ఉద్యోగం ఇప్పిస్తాం" అనే మాటకు ఆకర్షణ తగ్గలేదు.

ఊరిలో నడిచే కూలి

"ప్రివైలింగ్ వేజ్" అనే మాట పెద్దదిగా కనిపిస్తుంది గాని, దాని అర్థం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. వరి నాట్ల కాలంలో ఊరిలో ఒక కూలి రేటు నడుస్తూ ఉంటుంది. ఒక రైతు పొరుగు జిల్లా నుండి కూలీలను రప్పించి, వారి అవసరం చూసి సగం కూలికే పని చేయించుకొంటే ఏమవుతుంది? వచ్చినవారికి అన్యాయం జరుగుతుంది. ఊరి కూలీలకు కూడా పని పోతుంది, లేదా వారి కూలి పడిపోతుంది.

అమెరికా చట్టం ఈ అన్యాయానికే అడ్డుకట్ట వేసింది. హెచ్-1బి వీసా 1990 నాటి చట్టంతో వచ్చింది. ఆ వీసా మీద విదేశీయుని తెచ్చుకొనే యజమాని రెండు లెక్కలు చూడాలి. ఒకటి, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం. రెండవది, తన సంస్థలో అదే పనిని అదే అనుభవంతో చేస్తున్న ఇతరులకు తాను ఇస్తున్న జీతం. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. నడుస్తున్న జీతంలో 5 శాతం వరకు తగ్గినా ఒకప్పుడు ఒప్పుకొనేవారు. 2004లో చేసిన సవరణ ఆ వెసులుబాటు తీసివేసి, నూటికి నూరు ఇవ్వాలన్నది. ప్రభుత్వ లెక్కల ప్రకారం జీతాన్ని అనుభవాన్నిబట్టి నాలుగు మెట్లుగా విభజించమన్నదీ ఆ సవరణే. పదేళ్ల అనుభవం ఉన్న మనిషిని కొత్తవారి మొదటి మెట్టులో చూపించారంటే అనుమానించవలసిందే.

ఈ మాటకు కట్టుబడతానని యజమాని కార్మిక శాఖకు ఒక దరఖాస్తు దాఖలు చేస్తాడు. దానిని ఎల్.సి.ఎ. అంటారు. పని ఏమిటి, ఏ ఊరిలో, జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. పనిలో చేరే రోజుకల్లా దాని నకలు ఉద్యోగికి ఇవ్వడం యజమాని బాధ్యత. అది ఆయన దయతో ఇచ్చే కాగితం కాదు, ఉద్యోగి హక్కు.

లైన్ల లెక్కలో మోసపోవద్దు

ట్రాన్స్‌క్రిప్షన్‌లో కూలి చాలాచోట్ల గంటలకు కాక లైన్లకు లెక్కకడతారు. సాధారణంగా 65 అక్షరాలు ఒక లైను. ఒక ఊరిలో నిర్ణయించిన జీతం గంటకు 20 డాలర్లు అనుకుందాం. ఇది ఉదాహరణ కోసమే. యజమాని లైనుకు 8 సెంట్లు ఇస్తానంటాడు. ఉద్యోగి గంటకు 150 లైన్లు టైపు చేస్తే వచ్చేది 12 డాలర్లు. "నీ వేగం ఇంతే, నీ సంపాదన ఇంతే" అని యజమాని అనడానికి వీలులేదు. తక్కువైన 8 డాలర్లు ఆయనే కలిపి ఇవ్వాలి. లైన్ల లెక్క ఆయన పద్ధతి కావచ్చు, చట్టం నిర్ణయించిన జీతం మాత్రం తగ్గకూడదు.

అలాగే, "ఈ నెల పని రాలేదు, వచ్చే నెల చూద్దాం" అని ఉద్యోగిని ఖాళీగా కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టడాన్ని 1998 నాటి సవరణ నిషేధించింది. ఉద్యోగి తన స్వంత అవసరం కొరకు సెలవు అడిగితే వేరు. పని లేకపోవడం యజమాని వల్లనైతే జీతం ఇవ్వవలసిందే. కొత్తగా దేశంలో అడుగుపెట్టిన వ్యక్తి ఇంకా పనిలో చేరకపోయినా, 30 రోజులు దాటితే జీతం లెక్క మొదలవుతుంది.

అసలు ఏ వీసా?

హెచ్-1బి వీసా ఒక ప్రత్యేక విషయంలో డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగాలకు మాత్రమే. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కు అమెరికాలో సాధారణంగా కావలసినది డిగ్రీ కాదు, కొద్ది కాలపు శిక్షణ సర్టిఫికెట్టు. కాబట్టి కేవలం టైపు పనికి ఈ వీసా దొరకడం బహు కష్టం. "మేము ఇప్పిస్తాం" అని ఎవరైనా ధైర్యంగా చెబితే, దరఖాస్తులో ఏ ఉద్యోగం పేరు వ్రాశారో చూడాలి. కాగితం మీద ఒక ఉద్యోగం, కుర్చీలో మరొక ఉద్యోగం అయితే అది అబద్ధం. రేపు పట్టుబడితే యజమానితోపాటు సంతకం చేసిన మన బిడ్డ కూడా చిక్కుకొంటాడు. లేని అనుభవానికి సర్టిఫికెట్టు కొనడం కూడా ఇటువంటిదే. అబద్ధపు పునాది మీద కట్టిన ఇంటికి దీవెన కోరి ప్రార్థించడం తగునా?

గ్రీన్ కార్డు మార్గం వేరు. అక్కడ కూడా నడుస్తున్న జీతాన్ని ముందుగా కార్మిక శాఖ చేతనే నిర్ణయింపజేసుకోవాలి. కాని భారతీయులకు ఆ వరుస ఏళ్ల తరబడి కదలదు. ఇక సంస్థ తన స్వంత ఉద్యోగిని ఇక్కడి శాఖనుండి అక్కడికి మార్చే ఎల్-1 వీసాకు ఈ జీతపు నియమమే లేదు. సాధారణ కనీస వేతన చట్టమే దిక్కు. ఈ తేడా తెలియక చాలామంది రెండూ ఒకటే అనుకొంటారు.

అక్కడ భర్త ఉద్యోగం చేస్తుండగా హెచ్-4 వీసా మీద ఉన్న మన ఆడబిడ్డలకు ఒక హెచ్చరిక. "ఇంట్లో కూర్చునే టైపు చేయవచ్చు, ఎవరికీ తెలియదు" అనే మాట వినవద్దు. 2015 నుండి హెచ్-4 వారిలో కొందరికి పని అనుమతి దొరుకుతున్నది. భర్త గ్రీన్ కార్డు ప్రయత్నం కొంత దూరం వచ్చినవారికే ఆ అవకాశం. అనుమతి కార్డు చేతికి రాకుండా పని చేస్తే కుటుంబమంతటి స్థితికీ ప్రమాదం.

జరిగిన రెండు సంగతులు

చట్టం కాగితానికే పరిమితమా? కాదు. మేరీల్యాండ్ రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ప్రభుత్వ పాఠశాలలు విదేశీ ఉపాధ్యాయులను హెచ్-1బి మీద తెచ్చుకొన్నాయి. వీసా దరఖాస్తు ఖర్చులను ఆ ఉపాధ్యాయులే భరించవలసి వచ్చింది. యజమాని పెట్టవలసిన ఖర్చు ఉద్యోగి పెడితే ఆ మేరకు జీతం తగ్గినట్లే అని కార్మిక శాఖ తేల్చింది. 2011లో 1,044 మంది ఉపాధ్యాయులకు 42 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది.

రెండవది కాలిఫోర్నియాలోనిది. 2013లో ఒక సంస్థ బెంగళూరు నుండి ఎనిమిది మందిని కంప్యూటర్లు అమర్చే పనికి రప్పించి, వారానికి 120 గంటల వరకు పని చేయించుకొని, ఇక్కడి జీతమే రూపాయలలో ఇచ్చింది. అది గంటకు 1 డాలరు 21 సెంట్లకు సమానం. అప్పుడు ఆ రాష్ట్రపు కనీస వేతనం 8 డాలర్లు. 2014లో కార్మిక శాఖ 40 వేల డాలర్లకు పైగా బకాయి ఇప్పించింది. యాకోబు పత్రిక 5వ అధ్యాయములో, బిగపట్టిన కూలి మొరపెట్టి ప్రభువు చెవులకు చేరుతుందని ఉన్న మాట ఇక్కడ గుర్తుకు రాక మానదు.

బయలుదేరక ముందు

కుటుంబ పెద్దలు, కాపరులు ఈ సంగతులు బిడ్డలతో కూర్చొని చూడాలని మనవి.

1. వీసా పేరు, ఉద్యోగం పేరు, పని చేసే ఊరు, జీతం వ్రాతపూర్వకంగా అడగండి. జీతం ఊరినిబట్టి మారుతుంది. ఇంటి నుండి పనిచేసేవారికి ఆ ఇల్లున్న ప్రాంతమే లెక్క.

2. ఎల్.సి.ఎ. నకలు తీసుకోండి. జీతపు పట్టిక సాధారణంగా ఏటా జూలైలో మారుతుంది గనుక, ఆ సంవత్సరపు పట్టికతో పోల్చి చూడండి.

3. హెచ్-1బి దరఖాస్తుకు వకీలు ఫీజు, ప్రభుత్వ శిక్షణ ఫీజు యజమాని భరించవలసినవి. వాటిని మీ నుండి వసూలు చేస్తే ప్రశ్నించండి.

4. ఇక్కడి ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్నదా అని విచారించండి. పొలం తాకట్టు పెట్టక ముందే ఈ పని చేయండి.

5. ప్రతి జీతపు రసీదు, పని చేసిన గంటల లెక్క దాచుకోండి. అన్యాయం జరిగితే 12 నెలలలోగా అమెరికా కార్మిక శాఖ వేతన విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేసినందుకు యజమాని పగ తీర్చుకోకూడదని చట్టమే చెబుతున్నది.

6. గడువుకు ముందే యజమాని పనినుండి తీసివేస్తే, స్వదేశానికి తిరిగి రావడానికయ్యే తగుమాత్రపు ఖర్చు ఆయనదే.

మరొక మంచి మాట. ఉద్యోగ వీసాలకు వెళ్లేవారికి వారి హక్కులు తెలిపే చిన్న పుస్తకం ఇవ్వాలని అమెరికా 2008లో ఒక చట్టం చేసింది. ఆ చట్టానికి విలియం విల్బర్‌ఫోర్స్ పేరు పెట్టారు. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి బ్రిటిషు పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడి, 1807లో విజయం చూసిన విశ్వాసి ఆయన. ఆ పుస్తకాన్ని సూట్‌కేసు అడుగున వేయక చదవండి.

యజమానులైన విశ్వాసులకు

అక్కడ సంస్థలు నడుపుతున్న మన తెలుగు సహోదరులు కూడా ఈ పత్రిక చదువుతారు. మీతో ఒక మాట. "నేను పిలవకపోతే ఇతడు ఇక్కడికి వచ్చేవాడా?" అనే తలంపు లాబాను తలంపే. కూలివాడు స్వజనుడైనా, పరదేశియైనా అతనిని బాధపెట్టక, సూర్యుడు అస్తమించక ముందే అతని కూలి ఇచ్చివేయాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపిస్తుంది. పరలోకమందు తమకును ఒక యజమానుడున్నాడని ఎరిగి దాసులకు న్యాయమైనది చేయాలని పౌలు కొలొస్సయులకు వ్రాశాడు (4:1). దశమభాగము ఇచ్చే చేతితోనే ఉద్యోగి జీతంలో కోత పెడితే, ఆ కానుక దేవునికి ప్రియమగునా?

సంఘములారా, వీసా కొరకు ప్రార్థించడం మానవద్దు. దానితోపాటు ఆ బిడ్డ చేతిలోని కాగితాలు ఒకసారి చదివి, తెలియనిది తెలిసినవారిని అడిగి, అతనికి ధైర్యం చెప్పి పంపండి. న్యాయమైన జీతం అడగడం అవిశ్వాసం కాదు. పనివాడు తన జీతానికి పాత్రుడని మన ప్రభువే సెలవిచ్చాడు (లూకా 10:7). పరదేశములో కష్టపడుచున్న మన బిడ్డలను ఆయన కాపాడి, వారి చేతి కష్టార్జితమును వారికి దక్కనిచ్చునుగాక. ఆమేన్.