సన్‌షైన్ కోస్ట్ ప్రయాణం: ఊరి పేర్లతో ఒక పాఠం

వేసవి సెలవుల్లో మన బడి కుటుంబాల్లో చాలామంది సన్‌షైన్ కోస్ట్‌కి వెళ్తుంటారు. సముద్రం చూసి, పులిహోర డబ్బా ఖాళీ చేసి, బోలెడు ఫోటోలతో తిరిగొస్తారు. మంచిదే. అయితే ఆ ప్రయాణంలో మన తెలుగు తరగతికి పనికొచ్చే పాఠం కూడా ఒకటుంది. వెళ్లే ముందు తల్లిదండ్రులు, పాఠం చెప్పే ముందు టీచర్లు ఈ నాలుగు మాటలు చదువుకుంటే బాగుంటుంది.

ఎక్కడుంది, ఎలా వెళ్లాలి?

వాంకూవర్‌కి వాయవ్య దిక్కున ఉంది. ఇది దీవి కాదు. కానీ కొండలు, లోతైన సముద్రపు పాయలు అడ్డం ఉండటంతో వాంకూవర్ నుంచి రోడ్డు లేదు. హార్స్‌షూ బేలో ఫెర్రీ ఎక్కితే 40 నిమిషాల్లో లాంగ్‌డేల్ చేరతాం. అక్కణ్ణుంచి 101వ నంబరు హైవే మీద గిబ్సన్స్, రాబర్ట్స్ క్రీక్, సీషెల్ట్, పెండర్ హార్బర్ వరసగా వస్తాయి. ఎర్ల్స్ కోవ్‌లో ఇంకో ఫెర్రీ ఎక్కి దాటితే పావెల్ రివర్ వైపు వెళ్లొచ్చు. వేసవి శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ కాబట్టి మొదటి ఫెర్రీకి ముందే రిజర్వేషన్ చేసుకోండి.

వాంకూవర్ దీవి కొండలు పసిఫిక్ మబ్బుల్ని కొంత ఆపేస్తాయి. ఈ తీరానికి ఎండ పేరు రావడానికి అదొక కారణం. అలాగని పేరు నమ్మి నవంబరులో గొడుగు లేకుండా వెళ్లకండి!

ఇది ఎవరి నేల?

గిబ్సన్స్ చుట్టుపక్కల స్క్వామిష్ వాళ్లది, సీషెల్ట్ ప్రాంతం షిషాల్ వాళ్లది, పావెల్ రివర్ వైపు త్లామిన్ వాళ్లది. సీషెల్ట్ అనే పేరు షిషాల్ అన్నదానికి ఇంగ్లీషు రూపమే. చివర వచ్చే ధ్వని మన అక్షరమాలలో లేదు. అందుకే ఆ పేరు ఎలా పలకాలో వాళ్ల నోటే వినాలి. సీషెల్ట్‌లో షిషాల్ వాళ్లే నడిపే తెమ్స్ స్వియా మ్యూజియం ఉంది, తప్పక చూడండి.

1986లో షిషాల్ వాళ్లు తమకంటూ స్వపరిపాలన చట్టం సాధించుకున్నారు. అదే ఊళ్లో 1904 నుంచి 1975 దాకా ఒక రెసిడెన్షియల్ స్కూల్ ఉండేది. పిల్లల్ని అమ్మానాన్నల నుంచి వేరు చేసి, ఇంటి భాష మాట్లాడితే శిక్షించిన బడులవి. ఆ భాషను పుట్టుకతో మాట్లాడే పెద్దలు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు. చిన్నపిల్లలకు వివరాలన్నీ అక్కర్లేదు. "మీ అమ్మతో తెలుగులో మాట్లాడొద్దని బడిలో అంటే ఎలా ఉంటుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

స్కూకమ్‌చక్

ఎగ్‌మాంట్ నుంచి అడవిదారిలో సుమారు 4 కిలోమీటర్లు నడిస్తే స్కూకమ్‌చక్ ఇరుకు వస్తుంది. ఆటుపోట్లప్పుడు సముద్రపు నీరంతా ఆ సందులోంచే రావాలి, పోవాలి. ప్రవాహం గంటకు 30 కిలోమీటర్ల దాకా ఉరుకుతుంది. ఆటుపోట్ల పట్టిక చూసుకుని వెళ్లండి, పిల్లల చెయ్యి వదలకండి. ఆ పేరు చినూక్ జార్గన్‌లోది. వేర్వేరు భాషలవాళ్లు వ్యాపారానికి వాడుకున్న కలగలుపు భాష అది. స్కూకమ్ అంటే బలమైన, చక్ అంటే నీరు. పేరులోనే సంగతంతా ఉంది.

తరగతిలో ఏం చేయాలి?

బోర్డు మీద రెండు వరసలు గీయండి. ఒకవైపు షిషాల్, సీషెల్ట్. ఇంకోవైపు కాకినాడ, కొకనాడ, ఏలూరు, ఎల్లోర్, రాజమహేంద్రవరం, రాజమండ్రి. రాజమహేంద్రవరం అనే పేరు 2015లో మళ్లీ అధికారికమైందని చెప్పండి. తర్వాత ప్రతి బిడ్డా తమ తాతగారి ఊరి పేరు ఇంట్లో అడిగి, అర్థం రాసుకురావాలి.

పోలిక ఎంతవరకు చేయాలో కూడా చూసుకోండి. వాళ్ల భాషను బలవంతంగా లాక్కున్నారు. మన పిల్లలు ఇంగ్లీషు సులువని తెలుగు వదిలేస్తున్నారు. రెండూ ఒకటని చెప్పకూడదు.

ఒకసారి మా తరగతిలో ఒక పాప, "టీచర్, తెలుగు కూడా పోతుందా?" అని అడిగింది. 8 కోట్లమంది మాట్లాడే భాష, పోదమ్మా అన్నాను. నిజమే, కానీ సగమే నిజం. షిషాల్ భాష పోతే ఇంకెక్కడా దొరకదు. తెలుగు అలా పోదు, కానీ మన ఇంట్లోంచి పోవచ్చు. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో పసిపిల్లల కోసం కొహంగా రియో, అంటే భాషాగూళ్లు, మొదలుపెట్టారు. అమ్మమ్మలు, తాతలు పిల్లలతో రోజంతా మావోరీలోనే మాట్లాడటం ఆ పద్ధతి. మనకది ఇంకా తేలిక. ఫెర్రీలో ఆ 40 నిమిషాలూ తెలుగులోనే మాట్లాడుకుందామని పిల్లలతో ఒప్పందం పెట్టుకోండి. అలలు, లంగరు, రేవు, పోటు, పాటు అన్న మాటలు అక్కడే, కళ్లెదుటే దొరుకుతాయి.