ఉద్యోగం ఆగింది, మనసు ఆగలేదు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగికి 62 ఏళ్ళకు, తెలంగాణలో 61 ఏళ్ళకు పదవీ విరమణ. శాలువా, పూలదండ, సంఘంలో కృతజ్ఞతా కూడిక అన్నీ ఘనంగానే జరుగుతాయి. ఆ తర్వాతి సోమవారం పది కొట్టేసరికి మనసు మళ్ళీ ఆఫీసులోనే ఉంటుంది. ఫోన్ మోగదు. సంతకం కోసం ఎవరూ రారు. కొందరు చిన్నమాటకే కసురుకుంటారు, కొందరు అసలు మాట్లాడడమే మానేస్తారు. దీన్ని విశ్వాసలోపం అనేవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. అది అన్యాయమైన మాట. పోయింది జీతం ఒక్కటే కాదు, ముప్పై ఏళ్ళుగా లోకం తనను పిలిచిన పిలుపు.

ఇటువంటివారికి ఇప్పుడు కొందరు కౌన్సిలర్లు 'మైండ్‌ఫుల్‌నెస్' శిక్షణ సూచిస్తున్నారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం మొదలుపెట్టిన ఎనిమిది వారాల తరగతులే దీనికి మూలం. బౌద్ధ ధ్యానం నుంచి తీసుకొని, మతబోధను పక్కనపెట్టి నేర్పాడాయన. 'మరి ఇది మనకు తగునా?' అని విశ్వాసులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

అందులో చేసేదేమిటో ముందు చూద్దాం. కుర్చీలో నెమ్మదిగా కూర్చొని ఊపిరిని గమనించాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు నేలమీద కూర్చోనక్కర్లేదు. రెండు నిమిషాలు గడవకముందే 'ఆ ప్రమోషన్ నాకు రావలసింది' అనే పాత తలంపు వస్తుంది. దానితో వాదించకూడదు, తనను తాను తిట్టుకోకూడదు. 'ఇదొక తలంపు' అని గుర్తించి మళ్ళీ ఊపిరి దగ్గరికి రావాలి. వందసార్లు పోతే వందసార్లు రావాలి. సాధన అంటే ఆ తిరిగి రావడమే. నెమరువేసేకొద్దీ దుఃఖం పెరుగుతుంది. తలంపును తలంపుగా చూడడం అలవాటైతే ఆ నెమరు తగ్గుతుంది. కాబట్టి మనసును ఖాళీ చేసుకోవడం అనే భయం ఇక్కడ పొరపాటు.

సాయంకాలం పొలంలో ధ్యానించబోయిన ఇస్సాకు మనకు కొత్తవాడు కాదు. 17వ శతాబ్దంలో పారిస్ మఠపు వంటగదిలో గిన్నెల మధ్యనే దేవుని సన్నిధిని అభ్యాసం చేసిన బ్రదర్ లారెన్స్ కూడా ఉన్నాడు. తరగతి ఊపిరి దగ్గర ఆగుతుంది. విశ్వాసి అక్కడినుంచి ఆ ఊపిరినిచ్చినవానితో మాట్లాడతాడు. మంత్రాలు చెప్పించే చోటైతే నిస్సంకోచంగా లేచి వచ్చేయవచ్చు.

సంఘం చేయవలసిందీ ఉంది. సంఖ్యాకాండము 8వ అధ్యాయం ప్రకారం లేవీయులు 50 ఏళ్ళకు సేవాభారం నుంచి విరమించి, ఆ తర్వాత తమ సహోదరులకు తోడుగా ఉండేవారు. మనమేమో మరుసటి ఆదివారమే లెక్కల పుస్తకం చేతిలో పెడతాం! ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి వెళ్ళేటప్పుడు ఆయననూ వెంటబెట్టుకెళ్ళండి, చాలు.

అయితే ఈ శిక్షణ మందులకు బదులు కాదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి లేకపోతే, లేదా చావు మాటలు వస్తుంటే వైద్యుడే చూడాలి. చచ్చిపోతే బాగుండునన్న ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చింది నిద్ర, రొట్టె, నీళ్ళు, ప్రసంగం కాదు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ చేయడానికి నాన్నగారు మొహమాటపడితే, పక్కన కూర్చొని మీరే కలిపి ఇవ్వండి.